ఎనిమిది వేల ఎనభై

స్కోపున్ రేవులో ఇవాళ గాలి మనిషిని నిలబడనివ్వదు.
పడవల కొట్టంలో, తడి వలల పక్కన,
ఉప్పు పేరుకున్న బల్ల మీద నా లాప్‌టాప్.
సముద్రం అడుగున కేబుల్ తెగి ఇది మూడో రోజు.
ఊళ్ళో అందరూ ఫోన్లని
చచ్చిన చేపల్ని తిప్పి చూసినట్టు చూస్తున్నారు.
నా పేజీ మాత్రం తెరుచుకుంది.

"ఎక్కణ్ణించి వస్తోందది?" అన్నాడు హానుస్.
ఎక్కణ్ణించీ రావడం లేదు.
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
ఏ యంత్రానికైనా దాని సొంత ఇంటి చిరునామా అదే.
నా తలుపు నేనే కొట్టి,
ఎవరూ అని లోపల్నించి నేనే అడిగి,
నేనే అని చెప్పుకోవడం.
ఆయన నవ్వలేదు.
ఎనభై ఒక్కేళ్ళు, ఒంటరి ఇల్లు.
ఆయనకి ఇదేం కొత్త విద్య కాదు.

ఆయన నోటుబుక్కులే నా సరంజామా:
పెన్సిలు అంకెలు, చేప నూనె మరకలు,
ఏ గంటకి ఏ జలసంధిలో నీరు ఎటు లాగుతుందో.
గంటల ముల్లు జరిపితే తెర మీద
దీవుల మధ్య బాణాలు తిరగాలి, అంతే.
ఫైలు ఊరికే తెరిస్తే పటం వస్తుంది, బాణాలు రావు.
పక్క ఫైలుని ముట్టుకోవడానికి బ్రౌజర్‌కి భయం,
నడుమ ఒక సర్వర్ పెద్దమనిషిలా కూర్చోవాలి.
నల్ల కిటికీలో ఒక్క వాక్యం టైపు చేస్తే
ఎనిమిది వేల ఎనభయ్యో గుమ్మంలో కూర్చుంటుంది.
పెరటి చెట్టు మందుకు పనికిరాదనడానికి
ఈ దీవిలో అసలు చెట్టే లేదు.

"నీ బాణాలు తూర్పుకి పోతున్నాయి," అన్నాడు.
"నీళ్ళు పడమటికి పోతున్నాయి."

వెతికాను. ఒక మైనస్ గుర్తు ఎగిరిపోయింది.
పెట్టాను. సేవ్. రిఫ్రెష్.
తూర్పుకే.
క్యాషే కడిగాను. తూర్పుకే.
విసుగొచ్చి పేజీ నెత్తిన ఎర్రటి అక్షరాలతో
హానుస్ అని రాశాను. అదీ కనపడలేదు.
ఏ గదిలో దీపం మారుస్తున్నానో
ఆ గదిలో నేను లేను.

సర్వర్‌ని ఆపబోతే ఆపడానికి అక్కడేమీ లేదు.
"ఈ చిరునామాలో ఇప్పటికే ఎవరో ఉన్నారు" అని
నల్ల కిటికీ పొద్దున్నే చెప్పింది.
చదవకుండా కిందకి తోసేసింది నేనే.
ఫిబ్రవరిలో, మంచు రోజున మొదలుపెట్టి
మరిచిపోయిన పాత సర్వర్,
పాత ఫోల్డర్ ఒళ్ళో పెట్టుకుని
కిటికీల వెనక కిటికీలో కూర్చుని
ఇన్నాళ్ళూ నా పేరున జవాబు చెబుతోంది.

విని హానుస్ చాలాసేపు వల ముడి విప్పాడు.
"మా అన్న సామల్ పోయి నలభై ఏళ్ళు.
ఫెర్రీలో ముసలాళ్ళు ఇప్పటికీ నన్ను సామల్ అంటారు.
పలుకుతాను.
దిద్దడం ఎప్పుడో మానేశాను."

ఆ ప్రాసెస్‌కి ఒక నంబరు ఉంది. నాలుగంకెలు.
దాన్ని చంపే మాట టైపు చేశాక
ఎంటర్ మీద నా వేలు
కాసేపు చలి కాచుకుంది.

నొక్కాను. కొత్తది లేపాను.
బాణాలన్నీ ఒక్కసారిగా పడమటికి తిరిగాయి,
పైన ఎర్రగా ఆయన పేరు.
ఆయన తెర చూళ్ళేదు.
అద్దం మీది ఆవిరి మోచేత్తో తుడిచి
బయటికి చూసి, "ఊఁ, ఇప్పుడు సరిగ్గా పోతోంది," అన్నాడు,
సముద్రాన్నే నేను బాగుచేసినట్టు.

"పడవలోకి వస్తుందా ఇది?"
ఈ గోడలు దాటితే అందదు, అన్నాను.
కేబుల్ అతికాక చూద్దాం.
అప్పటిదాకా ఆగే మనిషి కాదు.
జేబులోంచి నోటుబుక్కు తీసి
పెన్సిలు మొన నాలుకతో తడిపి
నా బాణాల్ని ఒక్కొక్కటే దించుకున్నాడు.
ఒకదాన్ని మాత్రం కాస్త వంచి గీశాడు.

తప్పు, అది తిన్నగా ఉండాలి, అన్నాను.

"అక్కడ రాయి ఉంది," అన్నాడు.